ఖాళీ బ్యాగు బరువెంత?

నా క్యాబిన్ బ్యాగు ఖాళీగా 1 కిలో 280 గ్రాములు తూగుతుంది. రంగు, ఆకారం, అరల సంగతి చెప్పకుండా ముందు బరువు చెబుతోందేమిటా అనుకుంటారేమో. దీనికి ముందు కొన్న పెట్టె విషయంలో నేను అడగని ప్రశ్న ఇదొక్కటే. రంగులు అడిగాను, వారంటీ అడిగాను, తాళం నంబరు ఎలా మార్చుకోవాలో కూడా అడిగాను.

ఆ పెట్టె అందంగా ఉండేది. నెమలి కంఠం రంగు, గట్టి పాలీకార్బొనేట్ డొప్ప, నాలుగు చక్రాలు. షాపులో నున్నటి నేల మీద చిటికెన వేలితో నెడితే జర్రున జారిపోయింది. నేను అక్కడే దాని మోజులో పడిపోయాను. దానికి వేలాడుతున్న చీటీ మీద 'క్యాబిన్ సైజ్, 55 సెం.మీ.' అని ఉంది. ఇంటికొచ్చి టేపుతో కొలిస్తే 58 తేలింది. చీటీలో రాసింది డొప్ప పొడవు. విమాన సంస్థలు కొలిచేది చక్రాలు, పిడి కలుపుకుని. ఏదో మూడు సెంటీమీటర్లు, ఎవరు కొలుస్తారులే అనుకున్నాను. నిజంగానే ఎవరూ కొలవలేదు. తూచారు.

"ఆ చిన్నది కూడా ఒకసారి పెట్టండి మేడమ్," అంది చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి. ఎర్రటి అంకెల్లో 9.4 అని పడింది. పరిమితి 7. ఆ పెట్టె ఖాళీగానే 3.6 కిలోలని నాకు తర్వాత తెలిసింది. అంటే నా సామానుకి మిగిలింది 3.4 కిలోలు, అందులో బూట్ల జతే దాదాపు కిలో. వెనక లైను పెరిగిపోతోంది, నేను నేల మీద కూర్చుని పెట్టె విప్పాను. డొప్ప పెట్టెతో ఇంకో తంటా ఉంది. రెండు సగాలూ పూర్తిగా పరిస్తే తప్ప అందులోంచి ఏదీ బయటికి రాదు. ఆ లైన్లో నా లోదుస్తులు చూడనివాళ్లు ఎవరూ మిగిలి ఉండరు.

"అమ్మా, ఇక వదిలెయ్. లగేజీలో వేసేద్దాం," అంది మా అమ్మాయి. వేసేశాం. మధ్యలో విమానం మారిన చోట అది ఉండిపోయింది, నా దగ్గరికి రెండు రోజుల తర్వాత వచ్చింది.

నాదేమీ వింత కష్టం కాదు. విమాన రంగానికి టెక్నాలజీ సేవలందించే సీటా సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రతి వెయ్యి మంది ప్రయాణికులకు 7.6 పెట్టెలు ఆలస్యంగానో, దెబ్బతినో, అసలు చేరకుండానో పోయాయి. పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను: ఆలస్యంగా వచ్చిన లగేజీకి పరిహారం అడగాలంటే, అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అది చేతికందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. దెబ్బతిన్న పెట్టెకైతే 7 రోజులే గడువు. నేను రసీదులన్నీ దాచిపెట్టి, ఒక టూత్‌బ్రష్షు, ఒక చొక్కా, రెండు జతల లోదుస్తుల డబ్బు వెనక్కి రాబట్టాను.

డబ్బు కంటే ఆ రెండు రోజులే ఎక్కువ పనికొచ్చాయి. ఒంటి మీద ఉన్న బట్టలు, కొత్త చొక్కా, చేతిసంచిలో ఫోను, మందులు, కళ్లజోడు. అంతే. హాయిగా తిరిగాను. మూడో రోజు పెట్టె వచ్చాక తెరిచి చూస్తే, 'ఇవన్నీ ఎవరికోసం తెచ్చాను?' అనిపించింది. హెయిర్ డ్రయ్యర్ ఉంది. మేం ఉన్న గదిలో గోడకే ఇంకోటి తగిలించి ఉంది.

అలా తిరిగొచ్చాక కొన్నది ఈ ముదురు నీలం బ్యాగు. వీపుకి తగిలించుకునేది, చక్రాల్లేవు, 35 లీటర్లు. రెండేళ్లలో దీంతో 14 విమానాలు ఎక్కాను, వాటిలో ఏడు రాత్రులకు మించిన ప్రయాణాలు మూడు. మోడల్ పేరు చెప్పినా లాభం లేదు, దాని తయారీ ఆపేశారు. కాబట్టి దీన్ని కొనుక్కోండని చెప్పడానికి కాదు, ఇలాంటిది కొనేటప్పుడు ఎక్కడెక్కడ చెయ్యి పెట్టి చూడాలో చెప్పడానికి రాస్తున్నాను.

ముందు కొలతల గోల. ప్రపంచమంతటికీ ఒకటే క్యాబిన్ సైజు ఉంటుందని నేను చాలాకాలం నమ్మాను. అలాంటిదేమీ లేదు. విమాన సంస్థల సంఘం ఐఏటీఏ 2015లో 'క్యాబిన్ ఓకే' పేరుతో 55×35×20 సెం.మీ. కొలతని అందరికీ సూచించి, విమర్శలు రావడంతో కొద్ది రోజులకే వెనక్కి తగ్గింది. ఇప్పుడు ఎవరి లెక్క వాళ్లది. లుఫ్తాన్సా 55×40×23, 8 కిలోలు అంటుంది. ఎయిర్ ఫ్రాన్స్ ఎకానమీలో 55×35×25, చేతిసంచితో కలిపి 12 కిలోలు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎకానమీలో పొడవు, వెడల్పు, మందం కలిపి 115 సెం.మీ. దాటకూడదు, బరువు 7 కిలోలు. అమెరికా పెద్ద సంస్థలు చాలావరకు సైజు చూస్తాయి గానీ బరువు అడగవు. యూరప్ చౌక విమాన సంస్థ రయనెయిర్‌లో మామూలు టికెట్‌తో ఉచితంగా వచ్చేది సీటు కింద పట్టే 40×30×20 సంచి మాత్రమే, అంటే 24 లీటర్లు. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్న రోజునే ఆ సంస్థ పేజీ చూసుకోవాలి. రెండు సంస్థల విమానాలు ఎక్కుతుంటే రెంటిలో తక్కువ ఏదో అదే మీ పరిమితి.

ఇన్ని లెక్కల మధ్య నేను పట్టుకుని వేలాడిన కొలత, ఐఏటీఏ వదిలేసిన ఆ 55×35×20. చాలా సంస్థల పై అర (సీట్ల మీద సామాను పెట్టే అర) లెక్కలో ఇది ఇమిడిపోతుంది. గుణిస్తే 38.5 లీటర్లు. అందుకే 'క్యాబిన్ బ్యాగు, 45 లీటర్లు' అని ఎవరైనా గొప్పగా రాస్తే నాకు అనుమానం మొదలవుతుంది. నా బ్యాగు 52×34×20. మెత్తటిది కాబట్టి పూర్తిగా నింపితే మందం 23 దాకా ఉబ్బుతుంది, ఆ సంగతి ఏ చీటీ మీదా రాయరు. కొనేముందు షాపులో ఉన్న దిండో, వేరే బ్యాగో అందులో కుక్కి చూడాలి. నేను చూశాను, సేల్స్ కుర్రాడు నవ్వుకున్నాడు.

చక్రాలు వద్దని అందరికీ చెప్పను. 1970లో బెర్నార్డ్ సాడో పెట్టెకి చక్రాలు బిగించి 1972లో పేటెంటు పొందాడు. పట్టీ కట్టి కుక్కపిల్లని లాగినట్టు లాగే పెట్టె అది. ఇప్పుడు మనం చూసే నిలువు పెట్టె, పొడవాటి పిడీ 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ ఆలోచన. అంటే చంద్రుడి మీద మనిషి కాలుపెట్టాక గానీ పెట్టె కింద చక్రాలు ఇలా కుదురుకోలేదు. ఎంతమంది నడుములు బాగుపడ్డాయో! నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లు చక్రాల జోలికే వెళ్లండి. అయితే నాలుగు కాదు, రెండు చక్రాలది, మెత్తటి గుడ్డది తీసుకోండి. రెండు చక్రాలు మూలల్లో లోపలికి ఒదిగి ఉంటాయి, కొంచెం పెద్దవి, గతుకుల్ని తట్టుకుంటాయి. నాలుగు చక్రాలవి బయటికి పొడుచుకొచ్చి, కొలతలో మూడు నాలుగు సెంటీమీటర్లు తినేస్తాయి. పైగా రైల్లో పెడితే బ్రేకు పడినప్పుడల్లా మనల్ని వదిలి షికారుకెళ్తాయి.

నాకు 54 ఏళ్లు, ఎడమ మోకాలు అప్పుడప్పుడు మొరాయిస్తుంది. అయినా వీపు బ్యాగు ఎందుకంటే, మెట్ల దగ్గర ట్రాలీని ఒంటిచేత్తో పక్కకి వంగి ఎత్తడమే ఆ మోకాలికి గిట్టదు. వీపు మీద సమానంగా ఉన్న ఆరు కిలోలు దానికి తెలియనే తెలియవు. కిందటిసారి ఉన్న చోట లిఫ్టు లేదు, గది మూడో అంతస్తు, వీధంతా గుండ్రాళ్లు పరిచి ఉంది. మా అమ్మాయి తన ట్రాలీ ఎత్తుకుని మెట్ల మలుపు దగ్గర ఆగి, "అమ్మా, నీ బ్యాగు నాకు ఎప్పుడిస్తావు?" అని అడిగింది. పొగడ్తగానే తీసుకున్నాను.

ఇక బ్యాగులోకి వస్తే, ఇది పైనుంచి కూరే రకం కాదు, మూడు వైపులా జిప్పు తీస్తే సూట్‌కేసులా పరుచుకుంటుంది. ఈ ఒక్కటీ లేకపోతే వీపు బ్యాగు కొనొద్దంటాను. పైనుంచి కూరేదాంట్లో మేజోళ్లు ఎప్పుడూ అడుగునే ఉంటాయి.

గుడ్డ 420 డెనియర్ నైలాన్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, కాబట్టి అంకె పెరిగేకొద్దీ దారం లావు, బ్యాగు బరువు. 1680 డెనియర్ బాలిస్టిక్ నైలాన్ బ్యాగులు చూశాను, ఈడ్చినా చిరగవు, కానీ ఖాళీగానే 2 కిలోలు దాటుతున్నాయి. విమానంలో మన చేతిలో ఉండే బ్యాగుకి అంత కవచం ఎందుకు? రెండేళ్ల తర్వాత నా బ్యాగు అడుగున ఒక మూల గుడ్డ నెరిసింది, చిరగలేదు.

జిప్పు రన్నర్ల మీద వైకేకే అని, జిప్పులు చేసే జపాన్ కంపెనీ పేరు చెక్కి ఉంది. ఇది నేను మొదట చూసే అక్షరాల్లో ఒకటి, ఎందుకంటే బ్యాగు చచ్చేది ఎక్కువగా జిప్పు దగ్గరే. మూల తిరిగే చోట జిప్పు ఇరుకుగా తిప్పారా, విశాలంగా తిప్పారా అన్నది కూడా చూడాలి. నాదాంట్లో కుడిపక్క పైమూల కొంచెం ఇరుకు. బ్యాగు నిండుగా ఉంటే అక్కడ రన్నర్ ఆగుతుంది, లోపలి నుంచి వేలితో గుడ్డని నొక్కి పెడితే కదులుతుంది. పళ్లకి బదులు ప్లాస్టిక్ తీగ చుట్టలా ఉండే ఇలాంటి జిప్పుని బాల్‌పెన్ను మొనతో పొడిచి తెరవొచ్చనీ, రన్నర్‌ని అటూ ఇటూ లాగితే జాడ లేకుండా మూసుకుంటుందనీ తెలిశాక తాళాల మీద నాకు మోజు పోయింది. అమెరికా విమానాశ్రయాల భద్రతా సిబ్బంది దగ్గర మాస్టర్ తాళంచెవి ఉండే టీఎస్ఏ తాళాల సంగతీ అంతే. ఆ చెవుల ఫొటోలు బయటికి పొక్కి 2015లో 3డీ ప్రింటర్లో నకళ్లు చేసేశారు. పాస్‌పోర్టు ఒంటి మీదే ఉండాలి, అంతకంటే తాళం లేదు.

తప్పులూ చెప్పాలిగా. లోపలి గుడ్డ నలుపు! ఏ మహానుభావుడు ఎంచాడో గానీ, తెల్లవారుజామున లైటు వెయ్యకుండా అందులో నల్ల మేజోడు వెతకడం నా వల్ల కాలేదు. లేత రంగు అస్తరు ఉన్న బ్యాగు దొరికితే అదే తీసుకోండి. పక్కన నీళ్ల సీసా జేబు ఉంది, బ్యాగు ఖాళీగా ఉన్నప్పుడే అందులో సీసా దూరుతుంది. నింపాక జేబు లోపలి నుంచి ఉబ్బి మూసుకుపోతుంది, కాబట్టి ఆ జేబు ఫొటో కోసమే. ల్యాప్‌టాప్ అర అడుగున మెత్త లేదు, బ్యాగు కింద పెడితే టక్కుమని నేలకి తగులుతుంది. వానకి గుడ్డ ఆగింది గానీ జిప్పులోంచి నీళ్లు దిగాయి, ఒక పుస్తకం అంచులు వంకర్లు పోయాయి. ఎండలో అరగంట నడిస్తే వీపు తడిసి ముద్ద. ఇక దీన్ని నిలబెట్టడం అయ్యే పని కాదు, గోడ చూపించాల్సిందే.

సర్దడం దగ్గరికి వస్తే, నేను చేసిన తెలివైన పని ఒకటే. వంటింటి తూకం మంచం పక్కకి తెచ్చి ప్రతి వస్తువూ తూచి కాగితం మీద రాశాను. ఒక సాయంత్రం పట్టింది. మా అమ్మాయి ఫొటో తీసి నవ్వింది గానీ, లెక్క తేలాక తనూ తన బూట్లు తెచ్చి తూచింది.

11 రోజుల ప్రయాణానికి తేలిన లెక్క: బ్యాగు 1,280 గ్రాములు, బట్టలూ చెప్పులూ కలిపి 2,240, మిగతా చిల్లరమల్లర 2,770. మొత్తం 6 కిలోల 290 గ్రాములు. ఆ చిల్లరమల్లర అంకె చూడండి. అందరం బట్టలు తగ్గించాలని తంటాలు పడతాం, అసలు బరువు వైర్లలో, సీసాల్లో, 'అవసరం పడుతుందేమో' అనే వస్తువుల్లో ఉంది. నా పాత ఛార్జర్లు మూడూ కలిపి 410 గ్రాములు. మూడు సాకెట్లున్న ఛార్జర్ ఒకటి, రెండు పొట్టి వైర్లు పెట్టుకుంటే 190కి దిగింది. ఆ 220 గ్రాములకి ఒక చొక్కా వస్తుంది, ఇంకా మిగులుతుంది.

బట్టల్లో జీన్స్ మొదట ఎగిరిపోయింది, ఒక్కటే 690 గ్రాములు, ఉతికితే రెండు రోజులు ఆరదు. దాని బదులు 290 గ్రాముల నైలాన్ ప్యాంటు. చొక్కాలు నాలుగు: ఒకటి ఒంటి మీద, మూడు బ్యాగులో, వాటిలో రెండు మెరినో అనే గొర్రెల సన్నటి ఊలువి. ఊలంటే చలి బట్ట అని నేను వెనకాడాను గానీ పలచటి మెరినో రెండు మూడు రోజులు తొడిగినా వాసన రాదు. వాసన రాకపోతే ఉతుకు తగ్గుతుంది, ఉతుకు తగ్గితే జతలు తగ్గుతాయి. అయితే గట్టిగా పిండితే సాగిపోతుంది, ఒకటి అలా పాడు చేసుకున్నాను. పిండే పద్ధతి వేరే ఉంది. ఉతికిన చొక్కాని పొడి తువ్వాలు మీద పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, ఆ చుట్ట మీద మోకాలితో నొక్కాలి. నీరంతా తువ్వాలు పీల్చేస్తుంది. రాత్రి ఇలా చేసి హ్యాంగరుకి తగిలిస్తే పొద్దున్నకి ఆరిపోతుంది. కాటన్‌కి మాత్రం ఇది కూడా చాలదు, నడుము దగ్గరా చంకల్లోనూ చెమ్మ అలాగే ఉంటుంది.

బరువైన బూట్లు, కోటు ఎప్పుడూ ఒంటి మీదే. కోటు జేబులు నా మూడో బ్యాగు.

గాలి నొక్కేసే కంప్రెషన్ సంచులు కొన్నాను, పారేశాను. అవి చోటు తగ్గిస్తాయి, బరువు తగ్గించవు. మిగిలిన చోటు చూసి ఇంకో రెండు బట్టలు పెట్టబుద్ధవుతుంది, కౌంటర్ దగ్గర తూకం నవ్వుతుంది. మామూలు పలచటి గుడ్డ సంచులు రెండు చాలు.

సీసాల సంగతి 2006 నుంచి అందరికీ తెలిసిందే. ఆ ఆగస్టులో బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చింది 100 మిల్లీలీటర్ల నియమం: ఒక్కో సీసా అంతకు మించకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శకమైన సంచిలో పట్టాలి. కొత్త స్కానర్లు పెట్టిన కొన్ని విమానాశ్రయాల్లో సడలించారు గానీ, వెళ్లేచోట సడలించి వచ్చేచోట సడలించకపోతే ఇబ్బంది మనదే. చూసేది సీసా మీద రాసిన అంకెని, లోపల ఎంత ఉందన్నది కాదు. అడుగున పావు వంతు మిగిలిన 200 మి.లీ. సన్‌స్క్రీన్ నా కళ్లముందే డబ్బాలో పడింది. ఇప్పుడు సబ్బు బిళ్ల, షాంపూ బిళ్ల. వాటికి ఏ నియమమూ లేదు, బ్యాగులో కారవు. టూత్‌పేస్టు మాత్రం ద్రవాల లెక్కలోకే వస్తుంది, మర్చిపోకండి.

పవర్ బ్యాంకు చెక్-ఇన్ లగేజీలో వెయ్యకూడదు, చేతి సామానులోనే ఉండాలి. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. నా 20,000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74, టెన్షన్ లేదు. 2025 జనవరిలో గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయాక, పవర్ బ్యాంకుల్ని పై అరల్లో పెట్టొద్దని దక్షిణ కొరియా మార్చి నుంచి నియమం తెచ్చింది. అందుకే నా బ్యాగులో నాకు బాగా నచ్చింది పైన ఉన్న చిన్న అర. పవర్ బ్యాంకు, మందులు, కళ్లజోడు, ఛార్జరు ఒకే చిన్న సంచిలో వేసి అందులో పెడతాను. పై అరలు నిండిపోయాయని గేటు దగ్గర బ్యాగు అడిగినా ఆ చిన్న సంచి లాగేసుకుని బ్యాగు ఇచ్చెయ్యొచ్చు. ఇప్పటిదాకా అడగలేదు. నేను చూసినంతలో వాళ్ల కళ్లు ముందు చక్రాల పెట్టెల మీదే పడతాయి.

కిందటి ప్రయాణంలో కౌంటర్ తూకం మీద 6.4 పడింది. మా వంటింటి తూకానికీ దానికీ 110 గ్రాముల తేడా, ఆ తప్పు ఎవరిదో గానీ గొడవ పెట్టుకోలేదు. వచ్చేటప్పుడు మాత్రం 7.3. పుస్తకాలు కొన్నాను. రెండు పుస్తకాలు కోటు జేబుల్లోకి మారాయి, కౌంటర్ అమ్మాయి చూసి చూడనట్టు ఊరుకుంది.

పెళ్లికో, కోటూ టై వేసుకునే మీటింగుకో వెళ్లేవాళ్లకి ఈ బ్యాగు సరిపోదు, ఇస్త్రీ నిలవదు. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు, ఈ రివ్యూ ఇక్కడిదాకా చదివించినందుకు నన్ను క్షమించాలి, మీ లెక్కలే వేరు. మంచు కురిసే చోటికి నేను దీంతో వెళ్లలేదు.

కిందటి నెల ఎడమ భుజం పట్టీ, బ్యాగు కలిసే చోట కుట్టు నాలుగు పోగులు వదిలింది. ఇలాంటి చోట అడ్డదిడ్డంగా దట్టమైన కుట్టు ఉండాలి, కొనేటప్పుడు కుడిపక్కే చూసి సరిపెట్టుకున్నాను. ఎడమపక్క అది సగమే ఉంది. వారంటీ ఒక ఏడాదికే అయిపోయింది. దబ్బనం తీసుకుని, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారంతో నేనే కుట్టాను. మామూలు దారం కంటే గట్టిగా పట్టింది, కాకపోతే ముదురు నీలం మీద తెల్లగా, వంకరటింకరగా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. పై అరలో ఇలాంటి బ్యాగులు నాలుగున్నా ఇక నాదేదో వెతుక్కోనక్కర్లేదు.